హోబెల్‌బాంక్ సారు

పెద్దదోర్నాలలో శ్రీశైలం బస్సు కోసం నిలబడ్డవాళ్లను "సారు బల్ల యాడ?" అని అడగండి, ఇంటిదాకా వచ్చి చూపించి పోతారు. ఆ బల్ల మీద ఇంతవరకు ఏం తయారైందని మాత్రం అడక్కండి.

సారు బడిపంతులుగా రిటైరయ్యి, కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్లి మూడు నెలలుండి వచ్చారు. అక్కడినుంచి అందరూ చాక్లెట్లు తెస్తారు. సారు కొలతలు తెచ్చారు. ఏదో పాత కుర్చీల కార్ఖానాలో వడ్రంగి బల్ల ఒకటి కంటబడిందట, అంతే. టీకొట్టు దగ్గర ప్రకటించేశారు, "హోబెల్‌బాంక్ పెడుతున్నా!"

మర్నాడు పొద్దున్నే ఇద్దరు రైతులు పాసుపుస్తకాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "మిరపకు అప్పిస్తారంట గదా సారూ, వడ్డీ ఎంత?"

వేరేవాళ్లయితే నవ్వి పంపేసేవాళ్లు. సారు కూర్చోబెట్టి పాఠం చెప్పారు. జర్మన్‌లో హోబెల్ అంటే చిత్రిక, బాంక్ అంటే బల్ల. వెనకటికి ఇటలీలో డబ్బు మార్చేవాళ్లు బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు గనక బ్యాంకు అనే మాట కూడా బల్లలోంచే పుట్టింది. న్యూరెంబర్గ్‌లో 1505 నాటి చేతిరాత పుస్తకమొకటి ఉండేది, లోఫెల్‌హోల్జ్ వాళ్లది. అందులో మర బిగించిన వడ్రంగి బల్ల బొమ్మ ఉంది. "అంటే కృష్ణదేవరాయలు గద్దెనెక్కడానికి నాలుగేళ్ల ముందే!" అన్నారు సారు. రైతులు రాయలవారికి దండం పెట్టుకుని, "వడ్డీ సంగతి చెప్పండి సారూ" అన్నారు.

ఎక్కడో పాత మిద్దె పడగొడుతుంటే నల్లమద్ది దూలాలు కొన్నారు. మాది నల్లమల అంచు ఊరు, దూలం బండెక్కితే దాని కాగితాలు ముందు సీట్లో కూర్చోవాలి. కాగితాలకు కొన్నాళ్లు, కోతకు కొన్నాళ్లు, బల్లకు ఏడాదిన్నర.

నిజం చెప్పాలి, బల్ల మాత్రం అద్భుతం. ఏడడుగుల పొడవు, నాలుగంగుళాల మందం. ఎడమచేతి వైపు ముందుభాగాన ఒక మర, కుడి కొసన ఇంకో మర. అంచు వెంబడి వరసగా చదరపు తొర్రలు, వాటిలో దిగే మేకులు. చెక్కకు అటొక మేకు, ఇటొక మేకు పెట్టి కొస మర తిప్పితే చెక్క కిక్కురుమనకుండా పడుంటుంది. పైన అడ్డం ఏమీ ఉండదు గనక చిత్రిక ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్క ఊపున సాగిపోతుంది. సాగిపోవాలి. చెక్క పెడితే.

సారు రోజూ పొద్దున బల్ల రెండు కొసలా రెండు తిన్నని బద్దలు నిలిపి, వంగి, ఒంటికన్నుతో చూస్తారు. రెండు బద్దల తలలూ ఒక్క గీతలో కనబడితే బల్ల మెలి తిరగనట్టు. ఎప్పుడూ కనబడవు. ఎండాకాలం కర్ర ముడుచుకుంటుంది, "వానలు పడనీ". వానాకాలం ఉబ్బి మర పట్టేస్తుంది, "తేమ ఆరనీ". చలికాలం సారుకే నడుంనొప్పి. నేను ముక్కాలిపీట అడిగి రెండేళ్లయింది. "బల్ల కుదురుకోవాలయ్యా" అంటారు, కొత్త కోడల్ని గురించి చెప్పినట్టు. ఆ మర ఇంతవరకు బిగించి పట్టింది ఒక్కటే, మూత రాని ఊరగాయ సీసా.

మొన్న అమ్మగారి కత్తిపీట చెక్క పగిలింది. సారుకు చెబితే కాగితం మీద మూడు వైపుల నుంచీ బొమ్మ గీశారు. అమ్మగారు ఆ బొమ్మ మీద ఉల్లిపాయలు ఆరబోసి, వడ్రంగి ఆచారికి కబురంపారు.

ఆచారి వచ్చి బల్లకేసి చూసి, "దేవుడి రథంలా ఉంది సారూ" అని మెచ్చుకుని, దాని నీడలో నేలమీద కూర్చున్నాడు. సంచిలోంచి తుమ్మచెక్క తీశాడు. ఒక పాదం చెక్క మీద తొక్కి, రెండో కాలి బొటనవేలు అంచుకు ఆనించి, బాడిసతో నాలుగు దెబ్బలు వేసి, చిత్రిక పట్టి, కత్తి దిగేచోట ఉలితో తొలిచాడు. చెక్క జరిగినప్పుడల్లా బొటనవేలు దాని వెంటే జరిగింది. పెట్టిన టీ పొంగేలోపు పనయిపోయింది.

సారు ముఖం చూడలేకపోయాను. కానీ ఆయన చిన్నబుచ్చుకోలేదు. కత్తిపీట అందుకుని, తిప్పి, ఒంటికన్నుతో చూశారు.

"ఆచారీ, ఈ పక్క అర నూలు ఎత్తుంది."

"కూరగాయలకు తెలీదులే సారూ."

"నాకు తెలుసు గదా! బల్ల మీద పెట్టి ఒక్క పట్టు పడతా. రెండు రోజులు."

అది జరిగి నెలన్నర. కత్తిపీట బల్ల మీదే ఉంది, తేమ ఆరాలి. అమ్మగారు మాత్రం ఈమధ్య అన్నీ ఆకుకూరలే వండుతున్నారు. చేత్తో తుంచితే చాలు.