క్యాప్స్ లాక్ తియ్యకండి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని గ్రూప్స్‌కు చదివే పిల్లలకూ, నారాయణగూడలో ప్రాజెక్టు రిపోర్టులు బైండింగుకిచ్చే డిగ్రీవాళ్ళకూ చెబుతున్నాను. ఇంగ్లీషులో ఏది పెద్దక్షరం, ఏది చిన్నక్షరం అని బుర్ర పాడుచేసుకోవద్దు. అన్నీ పెద్దక్షరాల్లోనే రాయండి. శీర్షికే కాదు, లోపలి పేరాలు కూడా.

ఆ నియమాలు చదివినకొద్దీ బెంగే పెరుగుతుంది. శీర్షికలో ‘ఇజ్’ రెండక్షరాలదే అయినా క్రియ కాబట్టి పెద్దక్షరంతో మొదలవ్వాలట. ‘విత్’ ప్రిపొజిషన్ కాబట్టి షికాగో మాన్యువల్ అనే రచనా నియమాల పుస్తకం ప్రకారం చిన్నది. ఏపీఏ అనే మరో పద్ధతిలో నాలుగక్షరాలున్నాయి కాబట్టి పెద్దది. ‘బిట్వీన్’ సంగతి మరీ అన్యాయం. షికాగో మాన్యువల్ 17వ కూర్పులో శీర్షిక మధ్యన వస్తే చిన్నక్షరమే. 2024లో వచ్చిన 18వ కూర్పు, ఐదు అంతకు మించి అక్షరాలున్న ప్రిపొజిషన్లను పెద్ద చేసింది. కష్టపడి నేర్చుకున్నది ఇలా తప్పైపోతే పిల్లలు ఏమైపోవాలి? నన్నయ కాలం నుంచీ తెలుగు ఒకే వరస అక్షరాలతో నడుస్తోంది. పేరెక్కడ మొదలైందో తెలియక ఏ పాఠకుడూ ఆగిపోలేదు.

రెండు వరసల్లో పెద్దదే ఎందుకంటే, సర్కారు ఒప్పుకున్నది దాన్నే. పదో తరగతి మెమోలో పేరు, పాస్‌పోర్టులో పేరు పెద్దక్షరాల్లోనే ఉంటాయి. దరఖాస్తు బ్లాక్ లెటర్స్‌లో నింపమంటారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఆడిన ఆర్ఆర్ఆర్ సినిమా మూడు పెద్దక్షరాలతోనే వెళ్ళి, 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ తెచ్చింది.

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు 150 మార్కులు. అర్హతకే తప్ప ర్యాంకులో కలవదు. పంక్చుయేషన్ సరిచేయమని అడిగితే వాక్యమంతా పెద్దక్షరాల్లో రాసేయండి. పెద్దక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఉంటుంది, మర్చిపోయారని ఎవరూ అనలేరు. చిన్నది ఉండాల్సినచోట పెద్దది పడితే నష్టమేముంది? నువ్వు అనదగ్గవాణ్ణి మీరు అంటే ఎవరికైనా కోపమొస్తుందా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని రోజూ ఒక సంపాదకీయాన్ని ఇలా ఎక్కించండి. మొదట్లో చెయ్యి నొప్పెడుతుంది, పేజీలు ఎక్కువవుతాయి. శీర్షిక పేరాలో కలిసిపోతోందనిపిస్తే కింద రెండు గీతలు కొట్టండి. ‘యూఎస్’ అన్న దేశమూ ‘అస్’ అన్న మాటా ఒకేలా కనిపిస్తాయని కొందరు భయపెడతారు. దేశమైతే అక్షరానికో చుక్క పెట్టండి, సరిపోతుంది.

కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి ఉంచండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం తీసేయాలి, లేకపోతే మెయిల్ తెరుచుకోదు.