పెరటి శిలాన్యాసం

తాండూరు బండ మనది. బేతంచెర్ల బండ మనది. కడప బండ సంగతి సరేసరి, అది లేని మెట్టూ వంటగట్టూ మన వైపు వెతికినా దొరకవు. ఇన్ని రాళ్ళకు వారసులమై ఉండి కూడా, పెరట్లో మొక్కల మధ్య కాలు మోపడానికి నాలుగు రాళ్ళు సిమెంటుతో సొంతంగా పోసుకోవాలని మా ఇంట్లో తీర్మానం జరిగింది. ఏకగ్రీవంగానే. నేను ఊళ్ళో లేను.

అసలు సిమెంటంటే ఏమిటండీ? సున్నపురాయే కదా! దాన్ని తవ్వి, మట్టితో నూరి, బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాల్చి, జిప్సం కలిపి పిండి కొట్టి, 50 కిలోల సంచిలో పోసి మనకు అమ్ముతారు. మనం ఆ సంచి మోసుకొచ్చి, నీళ్ళు పోసి, మళ్ళీ రాయి చెయ్యాలి. 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పుచ్చుకున్న జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే ఇంగ్లీషు తాపీమేస్త్రి, ఈ శిలాచక్ర పరిభ్రమణంలో ఒక గృహస్థు నడుము ఇరుక్కుంటుందని కలగని ఉండడు. పాపం, ఆయన్నని ఏం లాభం.

సంచి తెగ్గొట్టి సగం ఇవ్వమంటే కొట్టువాడు నవ్వాడు. ఇసుక ట్రాక్టరుకు తక్కువ తోలనన్నారు. పిండి జల్లెడ ఇసుకకు పోయింది, బియ్యం కొలిచే తవ్వ కంకరకు పోయింది, నా స్నానాల బేసిన్ అచ్చుగా పోయింది. అచ్చుకు లోపల నూనె రాయకపోతే రాయి ఊడి రాదట. డాక్టరు చెప్పాడని నా దోశె మీద చుక్క నూనె పడనివ్వని ఇల్లు ఇది. రాళ్ళకు మాత్రం గరిటెడు.

ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు బేబీ చిప్స్ అనే సన్న కంకర. నీళ్ళు ఎక్కువైతే బలం పోతుంది, పిడికిట పడితే సున్నుండలా నిలవాలి. ఇక అలంకారం. గాజు ముక్కలు, గోళీలు, పింగాణీ పెంకులు కావాలన్నారు. మా అమ్మ నాటి సాసరు సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఎందుకు పగిలిందో ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చెయ్యాలి. మిగిలిన రాళ్ళ మీద చేమాకు వెనక్కి తిప్పి పరిచి, తాపీతో మెల్లగా అదిమారు. తెల్లారి గోటితో ఆకు ఒలిస్తే ఈనె ఈనే అచ్చుపడి, చేత్తో తడమబుద్ధయ్యేంత బాగుంది. ఆ నడిమి ఈనె మీదుగా మాత్రం పిల్లి నడిచి వెళ్ళింది.

తర్వాత వచ్చింది అసలు ఉపద్రవం, క్యూరింగు. కాంక్రీటు ఎండి గట్టిపడదట, నీళ్ళు తాగి గట్టిపడుతుందట. కనీసం 7 రోజులు, పొడి ఎండల్లో 10 రోజులు తడి ఆరకూడదని ఐ.ఎస్. 456 అనే జాతీయ ప్రమాణం శాసిస్తోంది. మా వీధి కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. మీ వీధిలోనూ అంతేగా? గోనెసంచులు కప్పుకుని రాళ్ళు పూటపూటా జలకాలాడాయి. నేను తుండుగుడ్డ తడిపి తుడుచుకున్నాను.

"ఏవండీ, లెక్కకొచ్చే బలం 28వ రోజుకు గానీ రాదట, అప్పటిదాకా కాలు పెట్టకండి" అంది మా ఆవిడ. పెట్టలేదు. గడువు తీరాక పెడితే సాసరు పెంకు అరికాల్లో గుచ్చుకుంది. చెప్పులు వేసుకుంటే చేమాకు ఈనెల్లో మట్టి దిగుతుందట, అదీ నిషేధం. పైగా రాయికీ రాయికీ మధ్య దూరం ప్యాంటు వాళ్ళ అంగకు సరిపోయింది, లుంగీ వాళ్ళను సంప్రదించలేదు. కనక నేనూ, వచ్చిన చుట్టాలూ, పాలబ్బాయీ ఆ రాళ్ళ పక్కనే బురదలో భక్తిగా నడుస్తున్నాం. వరండాలో పడ్డ బురద అడుగులు ఎవరివన్నదానిపై ప్రస్తుతం ఇంట్లో విచారణ సాగుతోంది. నా తరఫున ఇంకా వకీలు కుదరలేదు.