ముందు కోమా, ఆ తర్వాతే క్లెయిమ్

మన ఆరోగ్య బీమాకు ఆరోగ్యవంతులంటే గౌరవం, ఆస్పత్రి మంచమెక్కినవాళ్లంటే దయ. ఈ రెంటికీ మధ్య బతికేవాళ్లంటేనే గిట్టదు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్ల సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. బడికెళ్తుంది, ఖోఖో ఆడుతుంది, అన్నానికి ముందు పొట్ట మీద సూది పొడుచుకుంటుంది, రాత్రి పడుకోబోతూ మరోటి. ఇంత హాయిగా తిరిగే మనిషికి రోగమేమిటి? రోగమే లేనప్పుడు క్లెయిమేమిటి?

అదే పిల్లకు ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు పేరుకుని, వాంతులై, ఆయాసపడుతూ స్పృహ తప్పిందనుకోండి. పరిస్థితి ఒక్కసారిగా మెరుగుపడుతుంది. పిల్లది కాదు, ఫైలుది. ఐసీయూకు అప్రూవల్ వస్తుంది, సెలైన్లకు వస్తుంది, గంటగంటకూ చేసే రక్తపరీక్షలకూ వస్తుంది. డిశ్చార్జి రోజున నాన్నగారు ధైర్యం చేసి, మళ్లీ ఇలా కాకుండా డాక్టరు ఇన్సులిన్ పంప్ పెట్టించమన్నారని అడిగితే మాత్రం ఆ దయ అక్కడితో ఆగిపోతుంది. చేతులు కాలాక ఆకుల ఖర్చు ఇస్తాం గానీ, చేతులు కాలకుండా చూసే పని మాది కాదండీ!

ఇంతకీ ఆ పంప్ చేసే నేరమేమిటి? అరచేతిలో ఇమిడే ఆ యంత్రం కొన్ని నిమిషాలకోసారి చుక్కలో వంతు చొప్పున ఇన్సులిన్ వదులుతూ ఉంటుంది. రెండు ఇడ్లీలు తినబోతే వాటిలో పిండిపదార్థం ఎంతో లెక్కగట్టి మీట నొక్కాలి, దానికి సరిపడా డోసు వెళ్తుంది. చర్మం కింద సన్నటి కాన్యులా ఉంటుంది, దాన్ని రెండు మూడు రోజులకోసారి మార్చాలి. సెన్సర్‌తో జతకట్టే కొత్త రకమైతే పిల్ల నిద్రలో ఉండగా షుగర్ పడిపోతున్నట్టు పసిగట్టి, తనంతట తానే ఇన్సులిన్ తగ్గిస్తుంది. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, టార్చి వెలుగులో బిడ్డ వేలికి సూది గుచ్చి చూసే అమ్మకు ఆ ఒక్క పని విలువేమిటో తెలుసు. అప్రూవల్ ఇచ్చేవారికి ఆ వేళ ఆఫీసు ఉండదు.

పంప్ తగిలించగానే కష్టాలు తీరిపోతాయని ఎవరూ అనడం లేదు. అందులో ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ ఉండదు. ట్యూబు మడతపడితే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. అందుకే శిక్షణ కావాలి, స్ట్రిప్పులు కావాలి, మార్చుకునే సెట్లు నెలనెలా కావాలి. యంత్రానికి లక్షలు, సెట్లకు నెలకు వేలు. మామూలు ఇంటికి ఇదే అసలు జబ్బు.

దీనికి బీమావారి శాస్త్రం సిద్ధంగా ఉంది: పంప్ శరీరం బయట ఉండే పరికరమట! గుండెకు పేస్‌మేకర్ పెడితే చికిత్స, ఎందుకంటే అది చర్మం లోపల దాక్కుంటుంది. క్లోమం చేయాల్సిన పనిని నడుముకు తగిలించుకుంటే మాత్రం వడ్డాణంతో సమానం. బీమా నియంత్రణ సంస్థ ఒకప్పుడు విడుదల చేసిన, చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితా చూడండి. షుగర్ రోగుల చెప్పులు, షుగర్‌ఫ్రీ బిళ్లలు, మార్చురీ ఛార్జీలు ఒకే వరుసలో ఉంటాయి. కాలు కాపాడుకున్నా మీ ఖర్చే, ప్రాణం పోయినా మీ ఖర్చే. నిష్పాక్షికత అంటే అదీ!

తమాషా ఏమిటంటే, ఇదే పిల్ల పాలసీ కొనబోతే అప్పుడది ఖాయంగా జబ్బే. ముందునుంచే ఉన్న జబ్బు కాబట్టి ఆగమంటారు. 2024లో నియంత్రణ సంస్థ ఆ గరిష్ఠ గడువును నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. ధన్యవాదాలు. ఇన్సులిన్ లేకుండా ఈ పిల్ల ఆగగలిగేది రోజుల లెక్కన. సరే, జబ్బు మాట వదిలేసి వైకల్యం కింద సాయం అడుగుదామా అంటే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో టైప్ 1 లేదు. ప్రీమియం దగ్గర రోగి, పంప్ దగ్గర ఆరోగ్యవంతురాలు, సాయం దగ్గర అనర్హురాలు, పెళ్లిచూపుల దగ్గర మళ్లీ రోగి.

ఇక చుట్టాల విభాగం. చిన్నప్పుడు స్వీట్లు బాగా పెట్టుంటారని ఒకాయన తేలుస్తాడు. కాకరకాయ రసం పట్టించమ్మా అని ఇంకొకావిడ. సొంత రోగనిరోధక శక్తే పొరబడి ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసిందని చెబితే, అయితే రెండు గ్లాసులు పట్టించమంటుంది. పాపం, ఈవిడైనా బీమావారిలా రసానికి 24 గంటల అడ్మిషన్ అడగదు.

ఇంగ్లండ్‌లో సెన్సర్‌తో నడిచే ఈ పంపులను 2023 చివర్లో అక్కడి వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ సిఫారసు చేసింది, 2024 ఏప్రిల్ నుంచి సర్కారీ వైద్యసేవ దశలవారీగా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లేమీ ధర్మసత్రం నడపడం లేదు. చూపు పోయాక, కిడ్నీలు పోయాక అయ్యే బిల్లు ఎంతో లెక్కేసుకున్నారు, అంతే. కూడిక మనకూ వచ్చు. కాకపోతే ఇవాళ్టి పాలసీ అమ్మినవారు ఆ కిడ్నీల నాటికి ఈ కుర్చీలో ఉండరు.

ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో పేటెంటును తలా ఒక్క డాలరు పుచ్చుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. బీమావారిని అంత త్యాగం ఎవరూ అడగడం లేదు. పంప్‌నూ నెలనెలా సెట్లనూ పాలసీలో చేర్చండి, ప్రభుత్వ పథకాలు కూడా మంచం దాటి ఆలోచించాలి, అంతే. కుదరదంటారా? అయితే పాలసీ మొదటి పేజీలో పెద్దక్షరాలతో నిజం అచ్చువేయండి: మీ అమ్మాయి స్పృహలో ఉన్నంతకాలం మాకు ఫోన్ చేయకండి.