నా నలుపు పూత కాదు

నేను పన్నెండు బోరు తుపాకికి ట్రిగ్గరు చుట్టూ వంపు తిరిగి ఉండే గార్డును. ఒళ్లంతా అల్యూమినియం. మా ఊరు వేంపల్లె వంటిళ్లలో సత్తు గిన్నెలంటారే, వాటి జాతే నాది, కలిసిన లోహాలు మాత్రం వేరు. వేలు ఆనే చోట, గుడ్డకు ఒరుసుకునే అంచున నా నలుపు పోయి తెల్లగా బయటపడ్డాను. ఇలాంటి ముక్కను ఇంటి వెనక షెడ్డులో యాసిడ్ తొట్టిలో ముంచి, బ్యాటరీ ఛార్జరు తీగలు తగిలించి, రంగు పట్టిస్తే మళ్లీ కొత్తదవుతుందన్న నమ్మకం చేతిపని తెలిసినవాళ్లలో ఉంది. ఆ పని వేంపల్లెలో నాకు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని నేనంటాను.

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ విడివిడిగా కనిపెట్టిన కరెంటు పద్ధతిలోనే నేటికీ మా జాతి పుడుతోంది. గాలి తగిలిన మరుక్షణమే మా ఒంటి మీద ఆక్సైడు పొర కడుతుంది. దాని మందం కొద్ది నానోమీటర్లే. యాసిడ్‌లో కరెంటు పెట్టి ఆ పొరను వేల రెట్లు పెంచే విద్యే అనోడైజింగ్. సముద్రం మీద దిగే విమానాలను ఉప్పునీటి నుంచి కాపాడేందుకు 1923లో ఇంగ్లండులో బెంగో, స్టువర్ట్ దాన్ని పనిలోకి తెచ్చారు. 1950లలో యూజీన్ స్టోనర్ అల్యూమినియం రిసీవర్లతో, అంటే యంత్రాంగాన్ని పట్టే చట్రాలతో, రైఫిళ్లు రూపొందించాక మా జాతికి తుపాకుల్లో పెద్ద చోటు దొరికింది. ఇక్కడ గమనించాల్సిందేమంటే, ఈ పొర పైనుంచి పూసింది కాదు, నా లోహమే పొరగా మారింది. గట్టి రకం అనోడైజింగ్‌లో పొర సుమారు 50 మైక్రాన్లుంటే, అందులో సగం నా ఒంట్లోకి దిగి ఉంటుంది. దాన్ని తీసేస్తే ఆ సగం మేరకు నేను తరిగినట్టే. పాత పొర తీయడానికి ఇంట్లో దొరికేది కాస్టిక్ సోడా. అది పొరతో ఆగదు, లోహాన్నీ తింటుంది, హైడ్రోజన్ వదులుతుంది. పిన్నుల రంధ్రాలు వదులవుతాయి. చూపుకు కొత్తదనం వచ్చినా, బిగువు తగ్గిన ట్రిగ్గరు భాగం తుపాకిలో ఉండదగింది కాదు.

అమెరికాలో ఇళ్లలో చేసుకుంటున్నారు కదా అంటారు. నిజమే, జాగ్రత్తగా చేసి మంచి ఫలితం సాధించినవాళ్లున్నారు. అయితే మామూలు రకానికే తొట్టి 20 డిగ్రీల దగ్గర నిలవాలి, గట్టి రకానికి సున్నా దగ్గర. వేంపల్లె ఎండాకాలంలో 40 దాటుతుంది. వేడెక్కిన యాసిడ్ కట్టిన పొరను కట్టినట్టే కరిగిస్తుంది, చివరికి మిగిలేది వేలికి సున్నంలా అంటుకునే మెత్తని పొర. ఐసు వేస్తే చాలదా? కరెంటు పారేకొద్దీ వేడి నా ఒంటి దగ్గరే పుడుతుంది. తొట్టిని ఎడతెగకుండా చల్లబరచాలి, కలుపుతూ ఉండాలి. తర్వాత మరిగే నీళ్లలో పొర రంధ్రాలు మూయాలి, దానికి శుద్ధమైన నీళ్లు కావాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ఊరి పేరే పెట్టిన వేంపల్లె శిలల్లో ముఖ్యమైనది డోలమైట్. దాన్ని కరిగించుకుని వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. మరిగిస్తే నా మీద తెల్లటి పొడి కడతాయి. పైగా నాలో సిలికాన్ ఎక్కువుంటే ఎంత చేసినా బూడిద రంగే వస్తుంది. నా మిశ్రమం ఏదో చూపుతో తేల్చలేరు.

చట్టం మాటా ఉంది. 1959 ఆయుధాల చట్టంలో తుపాకి భాగాలు కూడా ఆయుధాలే. ఐదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా మరమ్మతు చేయకూడదు. సొంత ముక్కకు రంగు మార్చుకోవడం ఆ కిందికి వస్తుందా అని వాదించవచ్చు. ఎనిమిదో సెక్షను దగ్గర వాదనకు తావు లేదు, గుర్తింపు అంకెను చెరపకూడదు. అంకె సాధారణంగా నా మీద కాదు, రిసీవర్ మీద ఉంటుంది. కానీ నాతో కుదిరిన చెయ్యి తర్వాత దాని మీదికి పోతుంది. ఎమరీ పేపరుకు, కాస్టిక్‌కు అంకె అని తెలియదు. చెరిగాక అది పొరపాటని నిరూపించుకోవడం యజమానికి గండం.

మరి ఇలా బోడిగా వదిలేయాలా అంటే, నలుపు పోయిన చోట పలుచని సహజ పొర అప్పుడే కట్టుకుంది. ఈ పొడి గాలిలో నన్ను తినేది తేమ కంటే చెమట ఉప్పు, నన్ను బిగించిన ఉక్కు మరల దగ్గర నిలిచే తడి. రెండింటికీ మెత్తని గుడ్డ, రెండు చుక్కల నూనె చాలు. అందం తప్పనిసరైతే లైసెన్సున్న తుపాకి మరమ్మతు దుకాణంలో, లోహాన్ని తీయకుండా పైన పట్టే పెయింటు వేయించవచ్చు. అది గీసుకుపోతుంది, మళ్లీ వేసుకోవచ్చు. అసలు శ్రద్ధ పెట్టాల్సిన సమయం వేరే ఉంది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో అప్పగించమంటారు. 2024లో ఎన్నికల కోడ్ మార్చి 16న వచ్చింది, ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది. చెమట చేతితో పట్టుకెళ్లి అలాగే ఇచ్చేస్తే అన్నాళ్లూ ఆ ఉప్పు నా మరల సందుల్లోనే ఉంటుంది. అప్పగించే ముందు రోజు తుడిచి, మరల చుట్టూ ఆరనిచ్చి, నూనె రాసి ఇవ్వాలి.