గంట మెషినూ, నా ఇంగ్లీషూ

ఇంగ్లీషువాళ్ళకో మోటు సామెత ఉంది. చేయకూడని చోట చేయకూడని పని చేస్తే 'చర్చిలో పిత్తినట్టు' అంటారు. టెక్సస్‌లో తోటి ఉద్యోగి నోట విని ముచ్చటపడి దాచుకున్నాను. మన సామెతలు ఎన్ని మరిచిపోయానో గానీ, దీన్ని వాడే అదను కోసం మాత్రం కాచుక్కూచున్నాను.

అదను మా ఊరి శివాలయం కమిటీ మీటింగులో దొరికింది. హారతి వేళకు గంట కొట్టే మనిషీ, డోలు వాయించే మనిషీ దొరకడం లేదు, కరెంటు మెషిను కొందామన్నారు. స్విచ్చి వేస్తే గంటలూ డోలూ తాళాలూ ఒక్కసారిగా మోగుతాయే, అది. నాకు ఒళ్ళు మండింది. నాదం, సంప్రదాయం, పవిత్రత అంటూ లెక్చరిచ్చాను. (ఈ మాటలు ఎప్పుడో సెలవులకు ఊరొచ్చేవాడికే గుర్తొస్తాయి.) చివర్లో, "గర్భగుడి ముందు ఆ మెషినంటే చర్చిలో పిత్తినట్టే" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అంతటితో ఊరుకుంటే బతికిపోయేవాణ్ణి. అర్థం కాలేదేమోనని వివరించబోయాను. అక్కడ పాస్టరు మాట్లాడుతుంటే ఎంత నిశ్శబ్దమో, బెంచీ కిర్రుమన్నా తలలెలా తిరుగుతాయో, అలాంటి చోట ఆ చప్పుడెలా ఉంటుందో! పూజారిగారు కండువా సర్దుకుని ధ్వజస్తంభం వైపు చూడసాగారు.

పెదనాన్న అంతా ఓపిగ్గా విని, "అయితే కొనాల్సిందేరా. అది మోగుతుంటే ఎవడేం చేసినా వినపడదు" అన్నాడు.

మండపంలో ఫ్యానుకు వైరు లాగుతున్న కుర్రాడు నిచ్చెన మీంచే అందుకున్నాడు. "మా చర్చిలోనూ వినపడదు సార్. డోలక్కు, కీబోర్డు, రెండు పెద్ద సౌండు బాక్సులు."

అప్పుడు నవ్వారు, అందరూ.

ఉక్రోషం కొద్దీ చదవడం మొదలుపెట్టాను. తెల్లవాళ్ళ పుస్తకాల్లోనైనా నా వైపు సాక్ష్యం దొరక్కపోదని ఆశ. దొరికినవన్నీ అవతలి పక్షమే. అయిదో శతాబ్దంలో సెయింట్ అగస్టీన్ 'సిటీ ఆఫ్ గాడ్'లో, కొందరు వెనకనుంచి కంపు లేకుండా, పాట పాడుతున్నారా అనిపించేలా ధ్వనులు తీయగలరని రాశాడు. ఒళ్ళు మనసు చెప్పుచేతల్లో ఉండగలదనడానికి ఆ మహానుభావుడికి దొరికిన ఉదాహరణల్లో అదొకటి! ఇంగ్లండులో రెండో హెన్రీ కాలంలో రోలండ్ అనేవాడు సఫోక్‌లో భూమి అనుభవించాడు. దానికి బదులుగా క్రిస్మస్ నాడు రాజు ముందు చేయాల్సిన కొలువు: ఓ గెంతు, ఓ ఈల, ఓ పిత్తు. పండగ పూటే! ఇక ఇంగ్లీషు కవి చాసర్ కథలో చందాకొచ్చిన సన్యాసికి రోగి మంచంమీంచే ఆ దానం చేస్తాడు. మఠంలో అందరికీ సమంగా పంచాలని షరతు. చివరికి పన్నెండాకుల బండి చక్రంతో పంచాలని తేలుస్తారు. నేను ఆఫీసులో ఒంటరిగా పగలబడి నవ్వాను. పవిత్రత గురించి అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి!

అంత దూరం పోనక్కర్లేదు కూడా. నేను అపచారం జరక్కుండా కాపాడబోయింది ఎవర్ని? శివుణ్ణి. కన్నప్ప పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళతో అభిషేకం చేయించుకున్నవాణ్ణి, ముందుగా రుచి చూసిన మాంసం ఆరగించినవాణ్ణి. రెండో కన్ను పెకలించుకునే ముందు చోటు గుర్తుకోసం కన్నప్ప కాలు మోపింది లింగం మీదే. ధూర్జటి ఆ కథను కావ్యంలో పెట్టాడు, బాపు 1976లో కృష్ణంరాజుతో సినిమా తీశాడు. ఆ సినిమా చూస్తూ చిన్నప్పుడు ఏడ్చాను కూడా. ఎంగిలికి అలగని స్వామి మోటారు చప్పుడుకు అలుగుతాడని వకాల్తా పుచ్చుకున్నాను.

మెషిను వచ్చింది. డబ్బెవరిస్తారన్న మాట రాగానే పెదనాన్న నన్నడక్కుండానే నా పేరు రాయించాడు. దాని నుదుట ఎర్ర పెయింటుతో 'దాత' అనీ, కింద నా ఇంటిపేరుతో సహా పేరూ, బ్రాకెట్లో 'అమెరికా' అనీ ఉంది.