పికోలో పద్యానికి టీకా తాత్పర్యాలు

ఎండ వాన మంచు లెదురైన చోటున
కొయ్య మోజు విడిచి కోరు రెజిను
పాట కన్న ముందు పరికించు మెత్తల
నడవిపొలము బాల కదియె మేలు

టీక: ఎండ వాన మంచులు ఎదురైన చోటున = పరేడ్ మైదానమందు; కొయ్య మోజు = నల్లచేవ కొయ్య పికోలో (చిట్టి ఫ్లూటు) మీది వ్యామోహమును; విడిచి = మానుకొని; రెజిను = ప్లాస్టిక్ జాతి దానిని; కోరు = అడుగుము (కొట్టువాడు ఇంకొకటి చూపి ఊరించినను అని భావము); పాట కన్న ముందు = ఊది మురిసిపోక మునుపే; మెత్తలన్ = మీటల కింది ప్యాడ్లను; పరికించు = పరీక్షింపుము; అడవిపొలము బాలకు = యానాంలోని ఆ ఊరినుండి బ్యాండులో చేరిన పిల్లకు; అదియె = అట్టిదే; మేలు = తగినది.

తాత్పర్యం: బ్యాండు పిల్లకు పికోలో కొనేటప్పుడు నాదం కంటే ముందు వాతావరణాన్ని చూడాలి.

విశేషాలు: లోకంలో పద్యం ముందు పుట్టి వ్యాఖ్య తర్వాత పుడుతుంది. ఇది వ్యాఖ్య కోసమే కట్టిన ఆటవెలది కనుక కవి కాలాదులను గూర్చి పండితులు కొట్లాడుకోనక్కరలేదు. ‘ఎండ వాన మంచు’ అన్నది పాదపూరణానికి వేసిన మాట కాదు. దేశమంతటికీ జనవరి 26, ఆగస్టు 15 పరేడ్లు ఉన్నాయి. యానానికి మరి రెండు రోజులు ఎక్కువ. ఫ్రెంచివారి చేతినుంచి పాలన మారినది 1954 నవంబరు 1న, చట్టరీత్యా విలీనం పూర్తయినది 1962 ఆగస్టు 16న. అంటే ఆగస్టు ఉక్కలో వరసగా రెండు పండుగలు, తుపానులు తిరిగే నవంబరులో ఒకటి, తెల్లారి మంచు పట్టే జనవరిలో ఒకటి. వీటికి ముందు రిహార్సళ్లు ఎండలోనే. ఆపైన గౌతమి మీదినుంచి వచ్చే తేమ గాలి ఏడాది పొడుగునా ఉండనే ఉంది. ఇన్నిటికీ ఓర్చుకోవలసినది సుమారు 32 సెంటీమీటర్ల గొట్టం. కవి నాదాన్ని వదిలి ఆకాశంతో పద్యం మొదలుపెట్టడం అందుకే.

ఇక్కడ పూర్వపక్షం: “గొప్ప ఆర్కెస్ట్రాల్లో వాయించేది కొయ్య పికోలోయే కదా, పిల్లకు మంచిది ఇవ్వొద్దా?” ఇవ్వాలి. అయితే ఆర్కెస్ట్రా కప్పు కింద కూర్చుంటుంది, బ్యాండు ఆకాశం కింద నడుస్తుంది. ఊదినకొద్దీ కొయ్య లోపలి గోడ ఊపిరి తడికి ఉబ్బుతుంది, బయటి గోడ ఎండకు బిగుసుకుంటుంది, ఈ రెంటి పోరులో పగులు పుడుతుంది. అందుకే కొత్త కొయ్య వాద్యాన్ని మొదట్లో రోజుకు కొద్ది నిమిషాలే ఊది అలవాటు చేస్తారు. పంద్రాగస్టు రిహార్సల్లో అంత సుకుమారం ఎవరు చూపగలరు? పైగా నాదభేదంలో చాలా భాగం కొయ్యది కాదు, లోపలి రంధ్రం ఆకారానిది. కొయ్యవాటిలో అది చివరికి పోనుపోనూ సన్నబడుతుంది. మంచి రెజిన్ పికోలోల్లోనూ అంతే. యమహా వైపీసీ-32 తీసుకుంటే ఒళ్లు ఏబీఎస్ రెజిన్, తల లోహం, రంధ్రం సన్నబడేదే. “కొయ్యది ఎండకు శ్రుతి తప్పదు” అనే వాదమూ నిలవదు. శ్రుతిని పెంచేది ముఖ్యంగా లోపలి గాలి వేడి. పది డిగ్రీలు పెరిగితే గాలిలో ధ్వని వేగం సెకనుకు ఆరు మీటర్ల వరకు పెరుగుతుంది, స్వరం అర్ధస్వరంలో పావువంతు దాటి పైకి జరుగుతుంది. గొట్టం నల్లచేవదైనా ప్లాస్టిక్‌దైనా ఆ గాలికి పట్టదు.

మరొకరు, “మన పిల్లనగ్రోవి ఉండగా ఈ దొరలది ఎందుకు?” అంటారు. అభిమానం మెచ్చదగినదే. పిల్లనగ్రోవిలో గమకం వేళ్ల సగం మూతలో, పెదవి నిలకడలో ఉంటుంది. డ్రమ్ము దెబ్బకు అడుగు వేస్తూ ఆ నిలకడ దొరకదు. ఒక గ్రోవి ఒక శ్రుతికి కట్టుబడినది, మార్చింగ్ పాట నడుమ శ్రుతి మారితే చేతిలో ఇంకో గ్రోవి ఉండాలి. వెదురూ పగులుతుంది. పికోలోకు మీటలున్నాయి, ఫ్లూటు కంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. అమెరికన్ స్వరకర్త సూసా 1896లో కట్టిన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ చివర బాకాలూ డ్రమ్ములూ అన్నీ మోగుతుండగా పికోలో పైన విడిగా వినబడుతుంది. మనిషి చెవి బాగా పసిగట్టే సెకనుకు రెండు వేల నుంచి ఐదు వేల కంపనాల మేరలోనే దాని పై స్వరాలు ఉండటం దీనికి కారణం. ఇక ఖర్చు సంగతి: కొత్తది పదుల వేల రూపాయలు. సైడ్ డ్రమ్ములూ బేస్ డ్రమ్మూ తాళాలూ మాత్రమే ఉన్న బడి బ్యాండుకు ఇది అక్కరలేదని ఆక్షేపిస్తే ఒప్పుకోవలసిందే. ఫ్లూటు వాయించేవాళ్లు నలుగురైదుగురు కుదిరాక, వాళ్లలో ఫ్లూటు మీద పెదవి కుదిరిన ఒకరికే పికోలో, అదీ బడి బీరువాలో ఉండేది. కొందరు సంపూర్ణ లోహపు పికోలో కావాలంటారు. మెరుపు తప్ప దానికి ఇక్కడ ప్రత్యేక ప్రయోజనం కనబడదు.

‘పరికించు మెత్తల’ అన్నచోట కవి మెకానిక్ అయ్యాడు. ప్యాడ్లంటే పలచని పొర చుట్టిన ఫెల్టు బిళ్లలు. తడి తగిలితే ఉబ్బి మూత సరిగా పడదు. సిగరెట్ చుట్టే కాగితం ముక్కను ప్యాడు కింద పెట్టి, మీట మెల్లగా నొక్కి, లాగి చూడాలి. అన్ని వైపులా ఒకే పట్టు తగిలితే సరి, ఒకవైపు జారితే అక్కడ గాలి పోతోంది. తర్వాత మీటలన్నీ మూసి అడుగు స్వరం ఊదాలి. చాలామంది పై స్వరం కీచుమనిపించి తృప్తిపడతారు. దానికి తక్కువ ప్యాడ్లు మూస్తే చాలు, అందుకే అది లోపాన్ని దాచిపెడుతుంది. కవి చేసిన దోషం ఒకటుంది. చెవిని మరిచాడు. పికోలో కుడివైపుకు పట్టుకునేది, కుడి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటగలదు. ఇంట్లో సాధన చేసే పిల్లకు కుడి చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టించాలి. ఐదో పాదం ఆటవెలదికి ఉండదు కనుక ఇది టీకాకారుడు చెప్పవలసి వచ్చింది.