తుఫాను కమిటీలో పేరుండాలి, ఒంటికి చెమట పట్టకూడదు

నరసాపురం చుట్టుపక్కల కాపురముంటూ ఏ విపత్తు కమిటీలోనూ పేరు లేకపోవడం నామోషీ అండి. పైన రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఉంది, రెడ్‌క్రాస్ ఉంది, ఆపద మిత్ర శిక్షణలున్నాయి, ఊళ్లో సచివాలయముంది. ఇంతమంది మన కోసం కూర్చునుంటే మనం చెయ్యాల్సిందల్లా లిస్టులో పేరెక్కించుకుని, పని అంటకుండా చూసుకోవడమే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా మన నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఇంకోటి రాకపోదు. అది వచ్చేలోపు ఈ పద్ధతులు ఒంటబట్టించుకోండి.

1. శిక్షణకి భోజనాల వేళకే వెళ్లండి. పొద్దున్నుంచీ తాడు ముడులు వెయ్యడం, గుండె మీద నొక్కి ఊపిరి పొయ్యడం, ఖాళీ సీసాలూ కొబ్బరికాయలూ కట్టుకుని నీళ్లలో తేలడం నేర్పుతారు. బట్టలు నలిగిపోతాయి. మధ్యాహ్నం వెళ్తే సంతకం, టీషర్టు, టోపీ, సర్టిఫికెట్టు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. ఫొటోకి స్ట్రెచరు వెనక కొస పట్టుకోండి. ముందు కొస పట్టుకున్నవాడిని నడవమంటారు.

2. ఇంటింటి జాబితాకి ఇల్లిల్లూ తిరగకండి. మంచం దిగలేని ముసలివాళ్లు, నిండు గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎవరెవరో రాసివ్వమంటారు. పాత ఓటరు లిస్టు ముందేసుకుని దించేయండి. అందులో కొందరు కాలం చేసుంటారు, కొందరు గల్ఫ్‌లో ఉంటారు. అలాంటివాళ్లని తరలించే బాధే లేదు. వీధి చివర మామ్మగారు లేవలేరని తెలిసినా ఆవిడ పేరు మాత్రం రాయొద్దు. రాస్తే, ఆవిడని మోసుకెళ్లే నలుగురి పేర్లూ పక్క గడిలో రాయాలి. అందులో మీది తప్పకుండా ఉంటుంది.

3. షెల్టరు తాళం ఒక్కరి దగ్గరే ఉంచండి. ఇది చాలా ముఖ్యం, కాస్త నిదానంగా చదవండి. తుఫాను షెల్టరంటే స్తంభాల మీద ఎత్తుగా కట్టిన విశాలమైన హాలు. తుఫాను ఏడాదికోసారి వస్తుందో రాదో, అంత చోటు ఊరికే వదిలేస్తామా? ధాన్యం బస్తాలు వెయ్యండి, షామియానా గుంజలూ పెళ్లి కుర్చీలూ పెట్టండి, మూల మిగిలితే మీ ఆవిడ లేసు మూటలు సర్దండి. జనరేటరు బ్యాటరీ మీ ఇన్వర్టరుకి పనికొస్తుంది. డీజిలు బిల్లులో ఉంటే చాలు, ట్యాంకులో అక్కర్లేదు. నెలకోసారి నడిపి చూడమంటారు గానీ, ఆ చప్పుడుకి ఇరుగుపొరుగు వాళ్ల నిద్ర పాడు. ఇక తాళం భీమవరంలో అత్తారిల్లున్న మనిషి చేతికివ్వండి. వాయుగుండమని రేడియోలో చెప్పగానే ఆయన అక్కడికి వెళ్లిపోతాడు. జనం పిల్లల్ని చంకనేసుకుని వస్తారు, మెట్ల మీద నిలబడతారు, తాళం చూస్తారు. పగలగొడదామంటే సుత్తి ఎవరి దగ్గరా ఉండదు. కాసేపటికి గాలి పెరిగి, తడిసి ముద్దయి, ఎవరిళ్లకి వాళ్లు తిరిగెళ్లిపోతారు. తెల్లారేసరికి షెల్టరు గోడ మీద ఒక్క చెయ్యి మరక ఉండదు. తనిఖీకొచ్చిన అధికారి చూసి ముచ్చటపడాల్సిందే.

4. హెచ్చరికలకి తొందరపడకండి. ఓడరేవుల్లో ప్రమాద సూచికలు పదకొండు దాకా ఉన్నాయి. పదోది మహా ప్రమాదమంటారు, అయినా ఇంకోటి మిగిలే ఉందిగా. పదకొండంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. అప్పటిదాకా ఆగితే మిమ్మల్ని పిలవడానికి ఏ ఫోనూ మోగదు. గోదావరి వరదకీ ఇదే లెక్క. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక ఇచ్చేస్తారు, మూడోది 17.75 అడుగులకి. మధ్యలో ఆరడుగుల తీరిక ఉంది. ఒక కునుకు తియ్యండి.

5. వేటకెళ్లిన బోట్ల లెక్క రాయకండి. ఎన్ని వెళ్లాయో తెలియకపోతే, ఎన్ని రాలేదో ఎవరూ అడగలేరు.

6. ఆ రాత్రి మీరు అవతలి ఒడ్డున ఉండాలి. గాలి మొదలైందంటే మాధవాయిపాలెం రేవులో పంటు ఆపేస్తారు. "సఖినేటిపల్లిలో ఇరుక్కుపోయానండీ, ప్రాణమంతా మీ మీదే ఉంది" అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. ఇంట్లో కూర్చుని పెట్టినా ఫరవాలేదు. ఫ్యాను కట్టేసి, కిటికీ ఓరగా తెరవండి, హోరు బాగా పడుతుంది. కుక్కరు విజిల్ రాకుండా మాత్రం చూసుకోండి. 112కీ 1070కీ ఫోన్లు చెయ్యాల్సిన అవసరం పడినవాళ్లే చేసుకుంటారు.

7. పెద్దవాళ్లని మాట్లాడనివ్వకండి. ప్రతి మీటింగులో ఎవరో ఒకరు లేచి, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని మొదలుపెడతారు. అక్కడితో ఆగరు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా నేలకొరిగాయో, ఇల్లు కదలనివాళ్లు ఏమయ్యారో చెబుతారు. విన్నవాళ్లకి భయం పుడుతుంది, భయం పుట్టినవాళ్లు పని చెయ్యమంటారు. వెంటనే శాలువా తెప్పించి కప్పేయండి. శాలువా కప్పాక మన వైపు ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు.

8. తెల్లారాక మాత్రం అందరికంటే ముందుండండి. టీషర్టు బయటికి తియ్యండి. మోకాలి లోతు నీళ్లున్న చోటు వెతుక్కుని, చేతిలో ఒక పాల ప్యాకెట్టుతో ఫొటో దిగండి. మొంథా తర్వాత కుటుంబానికి 25 కిలోల బియ్యం ఇచ్చారు, మత్స్యకారులకీ నేత కుటుంబాలకీ 50 కిలోలు. కాబట్టి వల మీది కాకపోయినా భుజానేసుకునే లైన్లో నిలబడండి. నష్టం రాసుకునేవాళ్లకి కిందటేడు పడిపోయిన గోడే చూపించండి, ఇటుక ఇటుకే. మామ్మగారి ఇంటి ముందు జనం పోగై ఉంటే పక్క సందులోంచి వెళ్లండి, లైను తప్పిపోతుంది.

బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టేది మేలో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కమిటీ మీటింగు జనవరికి పెట్టించండి, ఏ తొందరా ఉండదు. మీరూ రండి. రాలేకపోతే ఆధార్ జిరాక్సు పంపించండి, సంతకం సంగతి మేం చూసుకుంటాం.